నడుము లోతులో కయాక్ తిరగబడితే

ప్రశ్న: మాది విశాఖ. మావారికి సముద్రం అంటే ప్రాణం. ఈ మధ్య ఇద్దరు కూర్చునే కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) కొన్నారు, పైన కూర్చునే రకం. మొన్న ఆదివారం మా పదమూడేళ్ల బాబుని ఎక్కించుకుని రుషికొండ దగ్గర సముద్రంలోకి వెళ్లారు. లోపల బాగానే తిరిగారట. తిరిగొస్తుంటే, ఇంక ఒడ్డు వచ్చేసిందనగా, వెనక నుంచి ఒక అల లేపి కయాక్‌ను అడ్డంగా తిప్పేసింది. ఇద్దరూ పడ్డారు, కయాక్ వాళ్ల మీదుగా దొర్లింది. బాబు నుదురు ఇసుకకు గీసుకుపోయింది. కుడి భుజం నొప్పి, మెడ పట్టేసినట్టుంది అంటున్నాడు. మావారేమో "నడుము లోతు నీళ్లు, లైఫ్ జాకెట్ వేసుకున్నాడు, ఈత వచ్చు. లోపల పడితే భయపడాలి గానీ ఒడ్డున పడితే ఏమవుతుంది?" అంటున్నారు. వచ్చే వారం మళ్లీ వెళ్తారట. నేను అనవసరంగా టెన్షన్ పడుతున్నానా?
- ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: ముందు బాబుని డాక్టరుకు చూపించండి. మిగతాది తర్వాత చదవచ్చు.

నుదురు ఇసుకకు తగిలిందన్నారు, మెడ పట్టేసిందన్నారు. ఈ రెండూ కలిసినప్పుడు "కండరం పట్టింది, రెండు రోజుల్లో పోతుంది" అని ఇంట్లో తేల్చేసుకోకూడదు. తల నేలకు తగిలినప్పుడు ఒంటి బరువంతా మెడ మీద పడుతుంది. ఆర్థోపెడిక్ డాక్టరు చూసి, అవసరమైతే ఎక్స్‌రేనో స్కానో తీయిస్తారు. చేతుల్లో తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండటం, పట్టు తగ్గడం, మెడ వెనక ఎముక మీద నొక్కితే నొప్పి, వాంతులు, ఆగని తలనొప్పి, మామూలు కంటే ఎక్కువ మగత వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటిదాకా ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. పడినప్పుడు నీళ్లు మింగి, ఆ తర్వాత దగ్గు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా అంతే. భుజం సంగతి కూడా చెప్పాలి. ఎవరో లాగి సరిచేస్తారని తీసుకెళ్లొద్దు. కీలు జారిందా, ఎముక చిట్లిందా అన్నది తెలియకుండా లాగితే ఉన్న దెబ్బ పెద్దదవుతుంది. పదమూడేళ్ల పిల్లల ఎముకలు ఇంకా పెరుగుతూ ఉంటాయి, అందుకని మరీ జాగ్రత్త.

ఇక మీవారి మాట. లోపల పడితే భయపడాలి, ఒడ్డున పడితే ఫర్వాలేదు అన్నారు. గాలి లేని రోజున, లైఫ్ జాకెట్ వేసుకుని, సముద్రం లోపల కయాక్ తిరగబడితే తేలుతూ ఉంటారు. మళ్లీ ఎక్కే పద్ధతి తెలిస్తే ఎక్కుతారు. తగలడానికి అక్కడ నేల లేదు. అలలు విరిగే చోట అలా కాదు. కింద గట్టి ఇసుక, వెనక విరుగుతున్న అల, పక్కన అదుపు తప్పిన కయాక్. ఈ మూడింటి మధ్య మనిషి ఉంటాడు. మునగడమే ప్రమాదం అనుకునేవారికి నడుము లోతు ధైర్యంగానే కనిపిస్తుంది. అక్కడ తగిలే దెబ్బల గురించి ఆలోచిస్తే ఆ ధైర్యం నిలవదు.

అసలు ఆ నడుము లోతు అనేది కూడా మోసమే. అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లు లోతు ఉన్నచోటికి వచ్చేసరికి అల విరగడం మొదలవుతుంది. అంటే 60 సెంటీమీటర్ల చిన్న అల, 80 సెంటీమీటర్ల లోతులో, మనం నిలబడి ఆడుకునే చోటే విరుగుతుంది. విరిగే ముందు అది తన ముందున్న నీటిని తనలోకి లాక్కుంటుంది. ఒడ్డున నిలబడి చూడండి, అల పైకి లేచిన క్షణంలో దాని ముందు నీళ్లు పల్చబడి, ఒక్కోసారి ఇసుక కనిపిస్తుంది కూడా. సరిగ్గా ఆ క్షణంలోనే, ఆ పల్చటి నీళ్లలోకే కయాక్ మీది మనిషి పడతాడు. మీవారు నిలబడి కొలిచింది నడుము లోతు, బాబు పడింది బహుశా మోకాలి లోతులో.

పడే తీరు కూడా చూడాలి. కయాక్ ముక్కు నేరుగా ఒడ్డు వైపు ఉండి, వెనక నుంచి అల ఎత్తితే, ముక్కు కిందికి దిగుతుంది. నీళ్లు తక్కువైతే ఆ ముక్కు వెళ్లి ఇసుకలో గుచ్చుకుంటుంది. వెనక భాగం మాత్రం లేస్తూనే ఉంటుంది. కూర్చున్నవాళ్లు తలకిందులుగా ముందుకు పడతారు. ఇది అన్నిటికంటే చెడ్డ పతనం, మెడలు విరిగేది ఇలాగే. మీ వాళ్లకు జరిగింది రెండో రకం. అల కయాక్‌ను అడ్డంగా తిప్పింది. అడ్డం తిరిగినప్పుడు భయంతో ఎవరైనా ఒడ్డు వైపుకే ఒరుగుతారు, అల వైపు ఒరగాలని మనసుకు తోచదు. ఒడ్డు వైపు ఒరగగానే ఆ అంచు నీళ్లలో పట్టుకుంటుంది, అల పైనుంచి తోస్తుంది, మనిషి కింద, కయాక్ పైన. "కయాక్ వాళ్ల మీదుగా దొర్లింది" అని మీరు రాసినదాన్ని బట్టి ఇదే జరిగి ఉంటుంది. అడ్డం తిరిగినప్పుడు బరువు అల వైపే వేయాలి, తెడ్డును కూడా అల వైపే నీటి మీద ఆనించాలి. ఇక పడక తప్పదనుకుంటే సముద్రం వైపుకే పడాలి.

ఇప్పుడు కయాక్ బరువు గురించి. ఇద్దరు కూర్చునే ప్లాస్టిక్ కయాక్ ఖాళీగానే ముప్ఫై కిలోల పైచిలుకు ఉంటుంది. మీటరు లోతు నీటిలో అల సెకనుకు దాదాపు మూడు మీటర్ల వేగంతో, అంటే గంటకు 11 కిలోమీటర్లతో వస్తుంది. ఆ వేగంతో ముప్ఫై కిలోల గట్టి ప్లాస్టిక్ మొహానికో మోకాలికో తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. లోపల కూర్చునే రకం కయాక్ అయితే ఇంకా ఘోరం. తిరగబడగానే నీళ్లు నిండుతాయి. రెండు వందల లీటర్లు నిండాయంటే రెండు వందల కిలోల పైమాటే. నీళ్లు నిండిన డ్రమ్ము ఒకటి దొర్లుకుంటూ కాళ్ల మీదికి వచ్చినట్టు ఉంటుంది. మీవారిది పైన కూర్చునే రకం కాబట్టి అంతగా నిండదు. కానీ మూతలు సరిగా బిగించకపోయినా, అడుగున చిల్లు పడినా దాని బోలులోకీ నీళ్లు చేరతాయి. వెళ్లే ముందు మూతలు, వచ్చాక బోలులో నీళ్లు చూసుకోవడం అలవాటు చేసుకోమనండి.

అందుకే అలల దగ్గర కయాక్ నడిపేవాళ్లకు అన్నిటికంటే ముందు నేర్పేది ఇది: కయాక్‌కూ ఒడ్డుకూ మధ్య ఎప్పుడూ ఉండకూడదు. పడి లేచాక మనిషి సముద్రం వైపు ఉండాలి, కయాక్ ఒడ్డు వైపు ఉండాలి. చాలామంది లేవగానే కయాక్ ఎక్కడికి పోతుందో అని దాని ముందుకు పరిగెత్తి ఆపబోతారు. తర్వాతి అల దాన్ని నేరుగా వాళ్ల మీదికే తెస్తుంది. సముద్రం వైపు కొసన ఉన్న పిడిని పట్టుకుని, అల వచ్చినప్పుడల్లా ముందుకు పోనిస్తూ వెనకే నడవాలి. ఆ పిడిలోకి వేళ్లు దూర్చకూడదు. కయాక్ మెలి తిరిగితే తాడు వేళ్లను పట్టి తిప్పేస్తుంది, విరిగిపోతాయి. పైనుంచి అరచేత్తో పట్టుకోవాలి, మెలి తిరగబోతుందనిపిస్తే వదిలేయాలి. ఎంత ఖరీదైన కయాక్ అయినా సరే, వదిలేయాలి. ముందు నీళ్లలో జనం ఉంటే మాత్రం గట్టిగా అరిచి హెచ్చరించాలి. అసలు ఆదివారం సాయంత్రం, పిల్లలు స్నానాలు చేసేచోట కయాక్ ఒడ్డుకు తేవడమే తప్పు. అలతో వచ్చిన ఖాళీ కయాక్ ఎవరి బిడ్డకైనా తగలవచ్చు. ఈ మాట మీవారికి తప్పకుండా చెప్పండి.

బాబు భుజం నొప్పికి కారణం తెడ్డు కావచ్చు. పడిపోతున్నప్పుడు తెడ్డును తలపైకి ఎత్తి, చెయ్యి చాచి ఆనించబోతే, అల ఆ తెడ్డును పట్టి లాగుతుంది. అప్పుడు భుజం కీలు జారడం చాలా సులువు. మోచేతులు నడుముకు దగ్గరగా, చేతులు భుజాల కంటే కింద ఉంచుకోవాలి. తెడ్డును అడ్డంగా ఛాతీ ముందు పట్టుకోవడం కూడా ప్రమాదమే, దాని కర్ర వెనక్కి వచ్చి పళ్ల మీదో ముక్కు మీదో తగులుతుంది. తెడ్డును కయాక్‌కు కట్టే తాడు లోపల నిశ్చలమైన నీళ్లలో బాగుంటుంది, అలల్లో మాత్రం కాళ్లకూ మెడకూ చుట్టుకుంటుంది. అలల్లోకి రాకముందే తీసేయాలి. గేలాలు, నీళ్ల సీసాలు, ఫోను సంచులు కూడా కయాక్ మీద వేలాడకూడదు.

ఇద్దరు ఎక్కిన కయాక్‌లో ఇంకో సమస్య. తిరగబడితే వెనక కూర్చున్న తండ్రి ముందు కూర్చున్న కొడుకు మీద పడవచ్చు. రెండు తెడ్లు, నాలుగు కాళ్లు, ఒక కయాక్ అన్నీ ఒకే మడుగులో. ఇద్దరూ ఒకేసారి ఒకే వైపు ఒరగాలంటే చాలా సాధన కావాలి, లేకపోతే ఒకరు అటు, ఒకరు ఇటు ఒరుగుతారు. అందుకని పిల్లలతో ఇద్దరి కయాక్‌ను అలల్లోంచి తీసుకురావడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. నదిలోనో చెరువులోనో తండ్రీకొడుకులు కలిసి తెడ్డు వేస్తుంటే చూడముచ్చటే. అలల్లో వద్దు.

పడేటప్పుడు ఏం చేయాలో బాబుకూ మీవారికీ ఇద్దరికీ నోటికి రావాలి. తల ముందు పెట్టి దూకకూడదు. పక్కకు, వీలైనంత బల్లపరుపుగా పడాలి. తెడ్డు వదిలేసి, రెండు చేతులూ తల చుట్టూ, మోచేతులు మొహం ముందు పెట్టుకోవాలి. నీళ్లలోంచి పైకి వచ్చేటప్పుడు కూడా ఒక చెయ్యి తల పైన ఉండాలి, ఎందుకంటే పైన కయాక్ ఉండవచ్చు. పైకి రాగానే మొదట చూడాల్సింది ఒడ్డు వైపు కాదు, సముద్రం వైపు. తర్వాతి అల ఎక్కడుందో తెలిస్తే తల కాచుకోవచ్చు. ఏటవాలుగా ఉన్న ఒడ్డులో నిలబడటానికి తొందరపడకూడదు. అల వెనక్కి పోయే నీరు కాళ్ల కింద ఇసుకను కోసేస్తుంది, మనిషి కూలబడతాడు, తర్వాతి అల వచ్చి మీద పడుతుంది. పాదాలు ఇసుకలో ఆనిస్తూ, అల తోసినప్పుడు ముందుకు, లాగినప్పుడు ఆగుతూ రావాలి.

లోపలికి లాగే ప్రవాహం సంగతి విశాఖలో పుట్టి పెరిగినవాళ్లకు కొత్త కాదు. ఆర్కే బీచ్‌లో, యారాడలో స్నానానికి దిగి కొట్టుకుపోయిన పిల్లల వార్తలు వింటూనే ఉన్నాం. కయాక్ తిరగబడినవాళ్లు కూడా అందులో పడవచ్చు. ఒడ్డుకు తోసిన నీరంతా ఒక సన్నటి దారిలో వెనక్కి పోతుంది. అక్కడ అలలు తక్కువగా విరుగుతాయి కాబట్టి చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది, తెలియనివాళ్లు అదే మంచి చోటనుకుంటారు. దానికి ఎదురు ఈదితే అలసిపోవడం తప్ప లాభం లేదు. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు పోయి, అలలు విరిగే చోటికి చేరితే అవే ఒడ్డుకు తోస్తాయి. నది సముద్రంలో కలిసే చోట్లకు, ఉదాహరణకు భీమిలిలో గోస్తనీ నది దగ్గరికి, కయాక్‌తో పోవాలని మీవారికి మనసు పుట్టవచ్చు. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నది నీరు బయటికి పరిగెడుతూ, లోపలికి వచ్చే అలలకు ఎదురు తగులుతుంది. అక్కడ అలలు ఇంకా నిటారుగా లేచి విరుగుతాయి. నేర్చుకునేవాళ్లకు అది చోటు కాదు.

ఒడ్డుకు రావడం ఒక విద్య. జాలరిపేటలో పొద్దున్నే వెళ్లి నిలబడి, వేట నుంచి తిరిగొచ్చే తెప్పలనూ ఫైబర్ పడవలనూ చూడమనండి. అలలు విరిగే గీతకు బయట ఆగుతారు. వెనక్కి చూస్తారు. పెద్ద అలలు గుంపుగా వస్తాయని వాళ్లకు తెలుసు. ఆ గుంపు పోనిచ్చి, చివరి అల వీపు మీద, దాని వెనకే వచ్చేస్తారు. అల ముందుకు దిగరు. పైగా వాళ్ల పాత తెప్పలో దుంగల మధ్య నుంచి నీరు కారిపోతుంది, నిలవదు. కయాక్‌కూ ఇదే పద్ధతి. బయట ఆగి కనీసం పది నిమిషాలు అలలను చూడాలి. అల వెనక ఉండటానికి తెడ్డు వేయాలి, వెనక నుంచి కొత్త అల ఎత్తుతుంటే వెనక్కి తెడ్డు వేసి అది కింది నుంచి పోయేలా చేయాలి. ముక్కు దిగుతోందనిపిస్తే ఒళ్లు వెనక్కి వాల్చాలి. బయలుదేరే ముందు కూడా ఒడ్డున అంతసేపూ చూడాలి. అలలు ఒడ్డు అంచునే గోడలా లేచి, ఒక్కసారిగా కూలుతూ, దబ్బుమని చప్పుడు చేస్తున్నాయా? ఆ రోజు అక్కడ దిగొద్దు, అక్కడికి తిరిగి రావద్దు. దూరం నుంచే విరగడం మొదలుపెట్టి నురగతో నెమ్మదిగా వచ్చే అలలున్న చోటు వెతుక్కోవాలి.

వెళ్లే రోజును కూడా ఎంచుకోవాలి. మన తీరంలో నైరుతి రుతుపవనాల నెలల్లో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అలలు పెద్దవి. తర్వాత డిసెంబరు దాకా తుఫానుల కాలం, హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న వచ్చిందని మీకు నేను చెప్పక్కర్లేదు. జనవరి నుంచి మార్చి దాకా కాస్త మేలు. అప్పుడు కూడా గాలి లేని రోజున ఎక్కడో దూరపు తుఫాను అలలు వచ్చి ఒడ్డుకు కొట్టవచ్చు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర పరిస్థితి గురించి ముందస్తు సమాచారం, ఎత్తైన అలల హెచ్చరికలు ఉచితంగా ఇస్తుంది. వేటకు పోయేవాళ్లు చూసుకుంటారు. సరదాకు పోయేవాళ్లు అంతకంటే ఎక్కువగా చూసుకోవాలి, పోకపోతే పోయేదేమీ లేదు కాబట్టి.

హెల్మెట్ గురించి మీ ఉత్తరంలో లేదు, అంటే బహుశా పెట్టుకోలేదు. అలల్లో కయాక్ అంటే హెల్మెట్ ఉండాల్సిందే, నీటి ఆటలకు చేసిన రకం. ఇంట్లో ఉన్న బైకు హెల్మెట్ పెట్టొద్దు. అందులో నీళ్లు నిండి తలను లాగుతాయి, మెడకు ఇంకో బరువు. లైఫ్ జాకెట్ బాబు బరువుకు తగ్గదేనా చూడండి. తొడిగాక రెండు భుజాల దగ్గర పట్టి పైకి లాగండి. చెవుల దాకా లేచిందంటే వదులు. తండ్రి జాకెట్ పిల్లవాడికి వేస్తే నీళ్లలో అది పైకి పోతుంది, వాడు కిందికి పోతాడు.

ఎవరైనా పడి, మెడ నొప్పి అన్నా, కాళ్లూ చేతులూ కదపలేకపోయినా, చేతులు పట్టి ఒడ్డుకు ఈడ్చకూడదు. వెల్లకిలా తేలేలా ఉంచి, రెండు చేతులతో తలను అటూ ఇటూ పట్టి, తల, మెడ, వెన్ను ఒకే వరసలో ఉంచుతూ నలుగురు కలిసి తీయాలి. బోర్లా ఉండి ఊపిరి తీసుకోకపోతే మాత్రం ముందు తిప్పాలి, మెడ కంటే ఊపిరి ముఖ్యం. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి ఊది, తర్వాత ఛాతీ మీద 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదుతూ, సాయం వచ్చేదాకా ఆపకూడదు. అంబులెన్సుకు 108, ఏ అత్యవసరానికైనా 112, సముద్రంలో చిక్కుకుంటే తీర రక్షక దళానికి 1554. ఫోను వాటర్‌ప్రూఫ్ సంచిలో మీవారి ఒంటి మీదే ఉండాలి. కయాక్‌లో పెడితే కయాక్‌తోపాటు పోతుంది.

వచ్చే వారం వెళ్లనివ్వాలా అని మీరు అడగలేదు గానీ, అడగాలనుకున్నది అదేనని నాకు అర్థమైంది. బాబుని పంపకండి. డాక్టరు సరేననేదాకా ఎలాగూ కుదరదు, ఆ తర్వాత కూడా వెంటనే వద్దు. మీవారిని ఆపమని నేను చెప్పను. ఆయనకు సముద్రం అంటే ప్రాణమన్నారు, అది చెడ్డది కాదు. కానీ ఆయన ఇంకా అలల్లోంచి ఒడ్డుకు రావడం నేర్చుకోలేదు, అది ఆ ఆదివారమే తేలింది. ముందు నిశ్చలమైన నీళ్లలో కావాలని కయాక్ తిరగేసి, మళ్లీ ఎక్కడం సాధన చేయాలి. తర్వాత కయాక్ లేకుండా, హెల్మెట్, జాకెట్ వేసుకుని చిన్న అలల్లో ఈది రావాలి. ఆ తర్వాత ఒక్కరే, ఖాళీ కయాక్‌తో, నేర్పేవాళ్లు పక్కన ఉండగా, మోకాలి ఎత్తు దాటని అలల్లో రావాలి. అలా వచ్చినన్నిసార్లూ పడకుండా వస్తున్నారని నేర్పేవాళ్లు చెప్పాక బాబు గురించి మాట్లాడుకోవచ్చు, అప్పుడు కూడా బాబుకు వేరే చిన్న కయాక్‌తోనే.

ఈ ఉత్తరం ఆయనకే చదవమని ఇవ్వండి. మీరు చెబితే భయం అనుకుంటారు. బాబు డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాక ఏం చెప్పారో రెండు ముక్కలు రాయండి.